ఎమ్మెల్యే గారిని ఏమడగాలి?

ఓటడగడానికి వచ్చినప్పుడు ఊరికి ఏం కావాలో అందరం చెప్పగలం. గెలిచాక ఆయన ఇంటి ముందు నిలబడితే మాత్రం ఏ మాట అడగాలో, ఏ కాగితం పట్టుకెళ్లాలో తోచదు. ఈసారి వచ్చిన ఉత్తరాలన్నీ దాని చుట్టూనే ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో 175, తెలంగాణలో 119 శాసనసభ స్థానాలు ఉన్నాయి. వాటిలో పల్లెలు ఎక్కువగా ఉన్న నియోజకవర్గాలను దృష్టిలో పెట్టుకుని ఈ జవాబులు ఇస్తున్నాం.

ప్ర: మా ఎమ్మెల్యే కొత్తగా గెలిచారు. చుట్టూ చేరినవాళ్లందరూ కమ్యూనిటీ హాలు, స్వాగత తోరణం, సీసీ రోడ్డు అంటున్నారు. పల్లె నియోజకవర్గంలో ఎమ్మెల్యే ముందుగా దేని మీద పడాలి?
— విశ్రాంత ఉపాధ్యాయుడు, పల్నాడు జిల్లా

జ: కొత్తది కట్టించే ముందు, ఉన్నదాన్ని పనిచేయించడం మీద. భవనం ఉండి డాక్టరు లేని ఆసుపత్రి, ట్యాంకు ఉండి నీళ్లెక్కని కుళాయి, కాలువ ఉండి తడవని చివరి మడి ఏ మండలంలోనైనా కనిపిస్తాయి. వీటిని బాగుచేస్తే శిలాఫలకం పడదు, ఫొటో రాదు. అందుకే వీటి మీదికి ఎవరి చూపూ పోదు.

మొదటి మూడు నెలల్లో ఎమ్మెల్యే మూడు జాబితాలు రాయించుకోవాలి. మొదటిది ఖాళీలది. పీహెచ్‌సీ (ప్రాథమిక ఆరోగ్య కేంద్రం), పాఠశాల, పశువుల ఆసుపత్రి, విద్యుత్ సెక్షన్, వ్యవసాయ శాఖ ఒక్కోదానిలో మంజూరైన పోస్టులెన్ని, పనిచేస్తున్నవారెందరు అన్నది అందులో ఉండాలి. 'ఇక్కడ జీతం తీసుకుని డెప్యుటేషన్ మీద పట్నంలో పనిచేస్తున్నవారెందరు' అన్న గడి కూడా తప్పక ఉండాలి. ఆ గడి నిండితే అసలు సంగతి బయటపడుతుంది. అలాంటి డెప్యుటేషన్లలో కొన్నింటి వెనక ఎమ్మెల్యేల సిఫారసు లేఖలే ఉంటాయి. కాబట్టి సొంత లేఖలు ఆపుకోవడంతోనే పని మొదలవుతుంది. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రాథమిక తరగతుల్లో 30 మంది పిల్లలకు, ప్రాథమికోన్నత తరగతుల్లో 35 మందికి ఒక టీచరు ఉండాలి. ఖాళీల లెక్కను ఆ కొలతతో చూడాలి.

రెండోది ఆగిపోయిన పనుల జాబితా. పని పేరు, అంచనా మాత్రమే రాస్తే చాలదు, ఫైలు ఏ మెట్టు మీద ఆగిందో రాయాలి. దాని గురించి తర్వాతి జవాబులో చెబుతున్నాం.

మూడోది చివరివాళ్లది. కాలువలో చివరి తూము, పైపులైనులో చివరి కుళాయి, ఫీడరులో చివరి మోటారు. వరసలో ముందున్నవాళ్లకు ఎవరు ఎమ్మెల్యే అయినా ఏదో కాస్త అందుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ సంగతే చూడండి. 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ మీద 5 హెచ్‌పీ మోటార్లు అయిదు నడిస్తే సరి, ఎనిమిది తగిలిస్తే కాలుతుంది. కాలితే గ్రామాల్లో 48 గంటల్లో మార్చాలని విద్యుత్ నియంత్రణ మండలి ప్రమాణం ఉంది. రైతులే ట్రాక్టరు మాట్లాడుకుని, చందాలేసుకుని దాన్ని మోసుకెళ్లాల్సిన పని లేదు. ఎమ్మెల్యే అడగాల్సింది కాలినదాని గురించి మాత్రమే కాదు. ఏడాదిలో రెండుసార్లు కాలినవి ఎన్ని, వాటి మీద ఎన్ని మోటార్లు ఉన్నాయి అని అడగాలి. అదనపు ట్రాన్స్‌ఫార్మర్ ఎక్కడ పెట్టాలో ఆ జాబితాలోనే తెలిసిపోతుంది.

సమయం కూడా ముఖ్యం. బడ్జెట్ సభకు వచ్చేది ఫిబ్రవరి, మార్చిల్లోనైనా శాఖలు అంచనాలు కట్టుకునేది అంతకు చాలా ముందే. దసరాకు కదిలితే ప్రతిపాదన లెక్కలోకెక్కుతుంది. సంక్రాంతి తర్వాత వినతిపత్రం ఇస్తే మరుసటి ఏడాది మాట.

ప్ర: మా ఊరి రోడ్డుకు రెండేళ్ల క్రితం శంకుస్థాపన చేశారు. శిలాఫలకం ఉంది, రోడ్డు లేదు. అడిగితే 'నిధులు మంజూరయ్యాయి' అంటారు. ఎవరిని నమ్మాలి?
— పాల రైతు, మహబూబ్‌నగర్ జిల్లా

జ: మనిషిని కాదు, జీవో (ప్రభుత్వ ఉత్తర్వు) నంబరును నమ్మండి. 'మంజూరు' అన్న మాటను నాలుగైదు వేర్వేరు దశలకు వాడేస్తుంటారు. అసిస్టెంటు ఇంజనీరు (ఏఈ) అంచనా వేస్తారు, పై ఇంజనీర్లు డీఈ, ఈఈ చూస్తారు. ప్రభుత్వం పరిపాలనా అనుమతి ఇస్తుంది. శంకుస్థాపనలు ఎక్కువగా జరిగేది ఇక్కడే. ఆ తర్వాత సాంకేతిక అనుమతి, టెండరు, ఒప్పందం, కాంట్రాక్టరుకు స్థలం అప్పగింత, అప్పుడు పని. పని కొలతలు మెజర్‌మెంట్ బుక్‌లోకి ఎక్కాక, నాణ్యత పరీక్ష అయ్యాక బిల్లు, ఆ తర్వాత చెల్లింపు. పరిపాలనా అనుమతి అంటే డబ్బు విడుదలైనట్టు కాదు, ఖర్చు పెట్టడానికి ఒప్పుకున్నట్టు మాత్రమే.

ఆగేది సాధారణంగా ఏదో ఒక తెలిసిన కారణం వల్లే. అంచనా పాత ధరల పట్టికతో వేస్తే గిట్టుబాటు కాక ఎవరూ టెండరు వేయరు. పాత బిల్లులు బకాయి ఉన్నచోట రేటు బాగున్నా కాంట్రాక్టర్లు రారు. దారిలో కరెంటు స్తంభాలుంటే వాటిని మార్చే ఖర్చు అంచనాలో చేర్చి ఉండరు. మలుపులో రెండు సెంట్ల పట్టా భూమి తగులుతుంది. మధ్యలో అటవీ భూమి వస్తుంది. ఒక్కో అడ్డంకికి ఒక్కో తలుపు తట్టాలి. అంచనా సవరించాల్సింది ఇంజనీరు, బకాయి తీర్చాల్సింది ఆర్థిక శాఖ, స్తంభాలు మార్చాల్సింది డిస్కం (విద్యుత్ పంపిణీ సంస్థ). ఎమ్మెల్యేకు 'రోడ్డు వేయించండి' అని కాకుండా 'టెండరుకు ఎవరూ రాలేదట, అంచనా ఏ ఏటి ధరలతో ఉందో చూసి సవరింపజేయండి' అని రాసివ్వండి. ఆ సమాచారం సమాచార హక్కు దరఖాస్తు పెడితే 30 రోజుల్లో రావాలి.

వేసిన రోడ్డు మీద కూడా ఒక కన్నేయాలి. 2000లో మొదలైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన రోడ్లకు అయిదేళ్ల పాటు మరమ్మతు బాధ్యత కాంట్రాక్టరుదే, అది ఒప్పందంలోనే ఉంటుంది. మూడో ఏట గుంట పడితే కొత్త నిధుల కోసం వినతిపత్రం ఎందుకు? పని పూర్తయిన తేదీ బోర్డు మీద చూసి, గుంటల ఫొటోలతో ఈఈకి రాస్తే చాలు. ఆ గడువు ముగియడానికి ఆర్నెల్ల ముందు తన నియోజకవర్గంలోని అలాంటి రోడ్లన్నిటినీ ఎమ్మెల్యే ఒకసారి తిరిగి చూస్తే చాలా ఖర్చు తప్పుతుంది.

మామూలు పల్లె తారు రోడ్డుకు వెడల్పు 3.75 మీటర్లు. అడుగున గ్రావెల్ పొర, పైన 75 మిల్లీమీటర్ల చొప్పున రెండు కంకర పొరలు, ఆ పైన 20 మిల్లీమీటర్ల తారు పొర, సీల్‌కోటు. పొరలు వేస్తున్నప్పుడే అంచున స్కేలు పెట్టి చూడాలి, తారు పడ్డాక చూసేదేమీ ఉండదు. ఇన్ని చేసినా రోడ్డును చంపేవి రెండు. ఒకటి నీళ్లు. రోడ్డు పక్క మట్టి అంచులు (బెర్ములు) రోడ్డుకన్నా ఎత్తయి, వాన నీరు దిగడానికి దారి లేకపోతే ఎంత మంచి తారైనా రెండు వానాకాలాలకు లేచిపోతుంది. రెండోది దమ్ము చక్రాలు. పొలంలో దమ్ము చేసిన ట్రాక్టరును ఆ ఇనుప చక్రాలతోనే తారు రోడ్డు మీద నడిపిస్తే ఒక్క సీజన్ చాలు. ఇది మన చేతిలో ఉన్నదే, దీనికి ఎమ్మెల్యే అక్కర్లేదు.

ప్ర: మాది కాలువ చివరి ఆయకట్టు. ఏటా పూడికతీత అంటారు, ఏటా మాకు నీళ్లు రావు. ఎమ్మెల్యే గారు వచ్చి చూసి వెళ్తున్నారు. ఏం చేయమని చెప్పాలి?
— కౌలు రైతు, కృష్ణా జిల్లా

జ: ఆయన వస్తున్న నెల మారాలి. నాట్లు ఎండుతున్నప్పుడు వస్తే చేయగలిగింది గేట్ల దగ్గర గొడవ సర్దడం ఒక్కటే. రావాల్సింది కాలువ కట్టేసిన వేసవిలో, అదీ కట్టేసిన మొదటి వారంలో.

డెల్టాలో పని చెడేది ఇలా: అంచనాలు మే నెలలో కదులుతాయి, టెండర్లు పూర్తయ్యేసరికి జూన్ వస్తుంది, నీళ్లు వదిలేస్తారు. నీళ్ల కింద తీసిన పూడికను కొలిచేదెవరు? అందుకే కాలువ పారుతుండగానే, జనవరి, ఫిబ్రవరిల్లోనే అంచనాలు పంపించి, కట్టేసిన రోజుకు ఒప్పందం సిద్ధంగా ఉండేలా ఎమ్మెల్యే ఒత్తిడి పెట్టాలి. గుర్రపుడెక్క, తూటికాడ లాంటి కలుపు తీయడం వేరే పని, పూడిక తీయడం వేరే పని. రెంటినీ ఒకే బిల్లులో కలిపేస్తే డెక్క తీసి పూడిక బిల్లు చేసుకుంటారు.

లెక్క మీరే వేసుకోవచ్చు. కిలోమీటరు పొడవు, 4 మీటర్ల అడుగు వెడల్పు, 30 సెంటీమీటర్ల పూడిక అంటే 1,200 ఘనపు మీటర్ల మట్టి. ట్రాక్టరు ట్రక్కుకు మూడు ఘనపు మీటర్లు పట్టిందనుకుంటే 400 ట్రిప్పులు. గట్టు మీదైనా, ఎవరి దొడ్లోనైనా అంత మట్టి కనబడాలి కదా! పని ముందు, పని తర్వాత అడుగు లెవెళ్లు తీసేటప్పుడు నీటి వినియోగదారుల సంఘం వాళ్లు పక్కన ఉండాలి, సంతకం పెట్టాలి. ఈ సంఘాలు 1997 చట్టంతో వచ్చినవి. వాటిని పక్కనపెట్టి ఎమ్మెల్యే తన మనుషులకు పని ఇప్పించడం మొదలైతే లెవెళ్లు కాగితం మీదే మిగిలిపోతాయి.

ఇక సాగునీటి సలహా మండలి. కలెక్టరు అధ్యక్షతన జరిగే ఆ సమావేశంలోనే ఏ కాలువ కింద ఎంత ఆయకట్టుకు, ఏ తేదీ నుంచి నీళ్లో తేలుతుంది. ఎమ్మెల్యేలు అక్కడ మాట్లాడతారు. అందరూ 'మా ప్రాంతానికి పూర్తిగా ఇవ్వండి' అంటారు, చివరికి ఉన్న నీటికన్నా ఎక్కువ ఆయకట్టు ఒప్పుకుంటారు. దాని ఫలితం అనుభవించేది చివరి రైతే. నిజాయితీగా 'ఈసారి రబీలో వరికి ఇంత, ఆరుతడికి ఇంత, వారబందీ (వంతులవారీ నీళ్లు) ఈ రోజుల్లో' అని ముందే ఒప్పించి దండోరా వేయించే ఎమ్మెల్యే ఆ రోజు తిట్లు తింటారు. పంట మాత్రం ఎండదు. మీరు అడగాల్సింది ఒక్కటే: నీటి లెక్క కాలువ మొదట్లోని హెడ్ రెగ్యులేటర్ దగ్గర కాదు, చివరి తూము దగ్గర రాయించండి.

ప్ర: కొనుగోలు కేంద్రంలో ధాన్యం పోసి పన్నెండు రోజులైంది. బస్తాకు రెండు కిలోలు తరుగు అంటున్నారు. ఎమ్మెల్యే గారు వస్తే సద్దుమణుగుతుంది, వెళ్లగానే మళ్లీ మామూలే.
— రైతు, నల్లగొండ జిల్లా

జ: రెండు కిలోలు చిన్న మాటలా వినిపిస్తుంది. బస్తా 40 కిలోలు కాబట్టి అది అయిదు శాతం. ఎకరాకు 25 క్వింటాళ్లు పండితే 62 బస్తాల పైన, వాటి మీద తరుగు 125 కిలోలు. 2025-26లో సాధారణ రకం మద్దతు ధర క్వింటాకు 2,369 రూపాయలు. ఎకరాకు పోయేది దాదాపు 2,960 రూపాయలు. తూకంలో న్యాయంగా తీసేయాల్సింది గోనె సంచి బరువు ఒక్కటే.

తరుగు పుట్టేది కేంద్రంలో కాదు, మిల్లు గేటు దగ్గర. కేంద్రంలో రోజుకు వెయ్యి బస్తాలు తూకం వేశారనుకోండి, అది 40 టన్నులు, రెండు పెద్ద లారీల సరుకు. లారీ అదే రోజు దించుకుని తిరిగొస్తే రెండు చాలు. మిల్లులో మూడు రోజులు నిలబెడితే ఆరు కావాలి. ఆరు లేవు కాబట్టి తూకం ఆగుతుంది, కుప్పలు పెరుగుతాయి, మబ్బు పడుతుంది. అప్పుడు మిల్లరు 'తేమ ఉంది, తాలు ఉంది, బస్తాకు రెండు కిలోలైతే దించుకుంటా' అంటారు. వాన భయంతో రైతు ఒప్పుకుంటారు. కేంద్రానికి వచ్చి సిబ్బంది మీద అరిచే ఎమ్మెల్యే తప్పు చోట అరుస్తున్నారు.

కోతలకు నెల ముందు ఆయన జాయింట్ కలెక్టరు దగ్గర కూర్చుని తేల్చుకోవాల్సినవి ఇవి. ఏ కేంద్రానికి ఏ మిల్లు, ఆ మిల్లుకు రోజుకు ఎన్ని లారీలు దించే హమాలీలున్నారు, దించకపోతే మారుగా ఏ మిల్లు. లక్ష క్వింటాళ్లు వస్తాయనుకుంటే రెండున్నర లక్షల గోనె సంచులు కావాలి, చేతిలో ఎన్ని ఉన్నాయి. టార్పాలిన్లు, తూర్పారపట్టే యంత్రాలు ఎన్ని. తేమ మీటర్లు సరిచూశారా? మిల్లులో మీటరూ కేంద్రంలో మీటరూ ఒకే గింజకు ఒకే అంకె చూపకపోతే గొడవ తెగదు.

నాణ్యత కొలతలు కేంద్రం గోడ మీద తెలుగులో రాసి ఉండాలి. తేమ 17 శాతం మించకూడదు. మట్టి, రాయి 1 శాతం, గడ్డి, పొల్లు వంటివి 1 శాతం, దెబ్బతిన్న, రంగుమారిన, మొలకెత్తిన, పురుగు పట్టిన గింజలు 5 శాతం, పక్వానికి రానివి 3 శాతం, తక్కువ రకం కలుపు 6 శాతం దాకా ఒప్పుకోవాలి. ఇవి దాటలేదని కేంద్రంలో రాసిచ్చిన ధాన్యానికి మిల్లులో మళ్లీ తరుగు లేదు.

మీ వైపు నుంచి ఒక మాట. 20 శాతం తేమున్న క్వింటా ధాన్యం 17 శాతానికి ఆరితే 96.4 కిలోలు అవుతుంది. మూడున్నర కిలోలు గాలికి పోతుంది, అది నష్టం కాదు, నీళ్లే. ఆరబెట్టకుండా తెచ్చి 'ఎంతో కొంత కోసుకుని తీసుకోండి' అంటే, ఆ బేరం పక్క కుప్పవాళ్లకూ అంటుకుంటుంది.

ప్ర: మా పీహెచ్‌సీని 30 పడకల ఆసుపత్రిగా మార్చాలని ఎమ్మెల్యే గారికి వినతిపత్రం ఇద్దామనుకుంటున్నాం. సరైనదేనా?
— మహిళా సంఘం సభ్యులు, ప్రకాశం జిల్లా

జ: మైదాన ప్రాంతంలో 30 వేల జనాభాకు ఒక పీహెచ్‌సీ, లక్షా 20 వేలకు ఒక 30 పడకల సామాజిక ఆరోగ్య కేంద్రం అన్నది జాతీయ ప్రమాణం. మీ జనాభా ఆ మేరకు ఉంటే అడగండి. లేకపోతే ఫైలు తిరిగొస్తుంది, ఈలోగా ఉన్న పీహెచ్‌సీ సంగతి అందరూ మరచిపోతారు. ముందు ఉన్నదాన్ని పరీక్షించండి. దానికి పాముకాటును మించిన పరీక్ష లేదు.

నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర ఈ నాలుగింటికీ ఒకే విరుగుడు మందు. జాతీయ చికిత్సా విధానం ప్రకారం మొదటి మోతాదే 8 నుంచి 10 వయల్స్ (చిన్న మందు సీసాలు). 'మా దగ్గర మందు ఉంది, నాలుగున్నాయి' అంటే ఒక్క మనిషికీ లేనట్టే. ద్రవరూప మందైతే 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉండాలి, కరెంటు పోయినప్పుడు ఫ్రిజ్ సంగతి ఏమిటో అడగాలి. విరుగుడు కొందరికి పడదు కాబట్టి అడ్రినలిన్ ఇంజెక్షన్ పక్కనే ఉండాలి. పింజర విషం రక్తాన్ని గడ్డకట్టనివ్వదు. దాన్ని పట్టే పరీక్షకు కావాల్సింది శుభ్రమైన, పొడి గాజు గొట్టం ఒక్కటే. రెండు మిల్లీలీటర్ల రక్తం పోసి 20 నిమిషాలు కదపకుండా ఉంచి వంచి చూస్తారు. ప్లాస్టిక్ గొట్టంలో చేసినా, సబ్బుతో కడిగిన గొట్టంలో చేసినా ఫలితం తప్పుతుంది. కొన్ని రూపాయల గాజు గొట్టం లేక మనిషిని 60 కిలోమీటర్లు పంపడం ఎంత అన్యాయం!

జూన్ మొదటి వారంలో ఎమ్మెల్యే తన పరిధిలోని ప్రతి పీహెచ్‌సీ నుంచి పాముకాటు, కుక్కకాటు మందుల నిల్వ, రాత్రి డ్యూటీ పట్టిక తెప్పించుకుని చూడాలి. మీ వినతిపత్రంలో మొదటి వాక్యం ఇదే కావాలి.

ప్ర: మా ఊళ్లో 1,500 జనాభా. 40 వేల లీటర్ల ట్యాంకు ఉంది. అయినా నీళ్లు చాలవు, వానాకాలం వస్తే విరేచనాలు. ఇంకో ట్యాంకు అడగాలా?
— వార్డు సభ్యురాలు, శ్రీకాకుళం జిల్లా

జ: 2019లో మొదలైన జల్ జీవన్ మిషన్ కొలత మనిషికి రోజుకు 55 లీటర్లు. మీ ఊరికి 82,500 లీటర్లు కావాలి. ఉన్న ట్యాంకునే రోజుకు రెండుసార్లకు కాస్త పైగా నింపితే సరిపోతుంది. నిండడం లేదంటే బోరు, మోటారు, కరెంటు వేళలు చూడాలి. ఇంకో ట్యాంకు కడితే ఖాళీవి రెండవుతాయి.

విరేచనాలకు కారణం చాలాసార్లు ట్యాంకు కాదు, మురుగు కాలువలోంచి వెళ్తున్న పైపు. నీళ్లు వదిలినప్పుడు పగులులోంచి బయటికి చిమ్ముతాయి. ఆపేయగానే పైపులో ఒత్తిడి పడిపోయి అదే పగులులోంచి మురుగు లోపలికి పీల్చుకుంటుంది. మర్నాటి మొదటి బిందె అదే. పైపును కాలువలోంచి పక్కకు మార్చడం చిన్న పని, ఎమ్మెల్యే నిధికి సరిగ్గా సరిపోయే పని. 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి పంచాయతీలకిచ్చిన డబ్బులో 60 శాతం నీరు, పారిశుధ్యాలకే కట్టుబడినది, ఇలాంటి పనుల కోసమే.

బ్లీచింగ్ లెక్క: 33 శాతం క్లోరిన్ ఉన్న తాజా పొడి అయితే వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాములు, మీ నిండు ట్యాంకుకు 100 గ్రాములు. మూతి విప్పి ఏడాదిగా మూలన పడున్న బస్తాలోది ఎంత వేసినా సున్నమే. చివరి కుళాయి దగ్గర లీటరుకు 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలి, అది చూసే కిట్టు పంచాయతీలో ఉంచమని అడగండి.

ప్ర: మా గిరిజన గూడేనికి రోడ్డు లేదు, గర్భిణుల్ని డోలీలో మోస్తున్నాం. అటవీ శాఖ ఒప్పుకోదంటారు. ఎమ్మెల్యే గారు ఢిల్లీ అనుమతి రావాలంటున్నారు.
— అంగన్‌వాడీ కార్యకర్త, అల్లూరి సీతారామరాజు జిల్లా

జ: అన్నింటికీ ఢిల్లీ అక్కర్లేదు. 2006 అటవీ హక్కుల చట్టం 3(2) సెక్షన్ రోడ్డు, బడి, అంగన్‌వాడీ, తాగునీరు వంటి 13 రకాల సౌకర్యాలకు ఒక దారి తెరిచింది. ఒక్కో పనికి ఒక హెక్టారు లోపు అటవీ భూమి, హెక్టారుకు 75 చెట్లు మించకుండా నరకడం, గ్రామసభ సిఫారసు. ఈ మూడూ ఉంటే జిల్లా స్థాయిలో అటవీ అధికారి దగ్గరే అనుమతి దొరుకుతుంది. 6 మీటర్ల వెడల్పుతో తీసుకుంటే ఒక హెక్టారులో 1.6 కిలోమీటర్ల పైన రోడ్డు వస్తుంది. మీ గూడెం అంతకన్నా దూరమైనా, అటవీ భూమి తగిలే మేర ఎంతో సర్వే చేయించండి. మొత్తం దూరం ఆరు కిలోమీటర్లయినా అడవి తగిలేది కిలోమీటరే కావచ్చు. ఎక్కువసార్లు పని ఆగేది గ్రామసభ తీర్మానం సరిగా లేక. తేదీ, కోరం, సర్వే నంబరు, విస్తీర్ణం ఉండాలి. ఎమ్మెల్యే ఐటీడీఏ (సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ) సమావేశంలో ఈ ఫైళ్లన్నీ ఒకేసారి పెట్టించగలరు. గ్రామ సడక్ యోజన కింద మైదానంలో 500 జనాభా ఉన్న ఆవాసానికి రోడ్డు ఇస్తే, గిరిజన ప్రాంతంలో 250కే ఇచ్చేలా నిబంధన పెట్టారు. అదీ గుర్తుచేయండి.

ప్ర: ఎమ్మెల్యే నిధుల్ని అన్ని ఊళ్లకూ సమానంగా పంచడం న్యాయం కాదా?
— యువజన సంఘం, కరీంనగర్ జిల్లా

జ: వినడానికి న్యాయమే. తెలంగాణలో ఈ నిధిని 2021లో ఏడాదికి 5 కోట్లకు పెంచారు. 120 ఊళ్లుంటే తలా నాలుగు లక్షల చిల్లర. ఆ డబ్బుతో ప్రతి ఊళ్లో సగం రోడ్డో, పైకప్పు లేని హాలో మిగులుతుంది. ఒక ఏడాది నీటి పైపులు, మరో ఏడాది బడుల మరుగుదొడ్లు అని పని వారీగా తీసుకుని, అవసరం తీవ్రంగా ఉన్న ఊళ్లలో పూర్తిచేస్తే మేలు. ఎమ్మెల్యే సిఫారసు చేస్తారు, మంజూరు చేసేది కలెక్టరు.

ప్ర: మా ఎమ్మెల్యే సభలో మాట్లాడరు, కానీ ఊళ్లో పెళ్లికీ చావుకీ వస్తారు. సభలో మాట్లాడితే మాకేం ఒరుగుతుంది?
— కిరాణా వ్యాపారి, అనంతపురం జిల్లా

జ: పెళ్లికి రావడం మంచిదే. కానీ సభలో అడగగలిగే హక్కు మీ నియోజకవర్గం మొత్తానికి ఆయనకొక్కరికే ఉంది.

ప్రశ్న ఎలా వేశారన్నదాని మీదే అంతా ఉంటుంది. 'మా నియోజకవర్గంలో వైద్య సదుపాయాలు మెరుగుపరుస్తారా' అంటే 'అవునండి' అని జవాబొస్తుంది, అక్కడితో సరి. 'అలాంటి ప్రతిపాదన ఏదైనా ఉందా' అంటే 'లేదండి', ఆ తర్వాతి భాగాలన్నిటికీ 'ప్రశ్న ఉత్పన్నం కాదు'. అదే 'ఫలానా మండలంలోని పీహెచ్‌సీల్లో మంజూరైన పోస్టులెన్ని, ఏయే తేదీ నుంచి ఖాళీ, డెప్యుటేషన్‌లో ఉన్నవారెందరు, ఎప్పటికి భర్తీ' అని అడిగితే శాఖ కింది నుంచి లెక్క తెప్పించుకోక తప్పదు. ఆ లెక్క తీసే క్రమంలోనే కొన్ని డెప్యుటేషన్లు రద్దవుతాయి. నక్షత్ర గుర్తున్న ప్రశ్నకు మంత్రి నోటితో జవాబు చెప్పాలి, అనుబంధ ప్రశ్నలు వేయొచ్చు. గుర్తు లేనిదానికి రాతపూర్వక జవాబు. అంకెలు కావాలంటే రెండోదే మేలు. గొంతు వినిపించకపోయినా కాగితం మిగులుతుంది.

మంత్రి సభలో 'చేస్తాం' అంటే అది ప్రభుత్వ హామీల సంఘం లెక్కలోకి వెళ్తుంది. ఆ సంఘానికి గుర్తుచేసే పని చాలామంది చేయరు. బడ్జెట్‌లో శాఖ పద్దు మీద చర్చ వచ్చినప్పుడు 100 రూపాయల నామమాత్రపు కోత తీర్మానం ఇచ్చి ఒకే ఒక్క సమస్య మీద మాట్లాడొచ్చు. ప్రభుత్వ ఖర్చులను తనిఖీ చేసే కాగ్ నివేదికల్లో మీ జిల్లా ప్రాజెక్టు పేరు ఉంటే ప్రజాపద్దుల సంఘం దాన్ని తవ్వగలదు. అనుమతి లేకుండా వరుసగా 60 రోజులు సభా సమావేశాలకు రాని సభ్యుడి స్థానం ఖాళీ అయినట్టు సభ ప్రకటించవచ్చని రాజ్యాంగం 190(4) అధికరణం చెబుతోంది. సభ సమావేశం కాని రోజులు నాలుగు దాటితే వాటిని లెక్కలోకి తీసుకోరు, కాబట్టి ఆ నిబంధన దాకా వ్యవహారం సాధారణంగా రాదు. మీరు చేయగలిగింది, సమావేశాలకు ముందే మీ ఊరి సమస్యను నాలుగు అంకెలతో, ప్రశ్న రూపంలో ఆయనకు రాసివ్వడం. ప్రశ్నకు గడువు ఉంటుంది, సమావేశాలు మొదలయ్యాక ఇస్తే పనికిరాదు.

ప్ర: ముఖ్యమంత్రి సహాయ నిధికి ఎమ్మెల్యే లేఖ తీసుకున్నాం. ఆర్నెల్లయింది, డబ్బు రాలేదు.
— భవన నిర్మాణ కార్మికుడు, కర్నూలు జిల్లా

జ: లేఖ ఎమ్మెల్యే సిఫారసు మాత్రమే. ఫైలు ఆగేది మిగతా కాగితాల దగ్గర. చికిత్స అయ్యాక అడిగేదానికి ఆసుపత్రి అసలు బిల్లులు, డిశ్చార్జి సమరీ, ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పాస్‌బుక్ ఉండాలి. బిల్లులో పేరు, ఆధార్‌లో పేరు ఒక్క అక్షరం తేడా ఉన్నా పక్కన పడేస్తారు. ఆరోగ్యశ్రీ (ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ) కింద జరిగిన చికిత్సకు మళ్లీ రాదు. అసలు బిల్లులు ఇచ్చేముందు నకళ్లు తీసి పెట్టుకోండి, దరఖాస్తు నమోదు నంబరు ఎమ్మెల్యే కార్యాలయంలో రాయించుకోండి. ఆ నంబరు లేకుండా వాకబు చేయలేరు. చికిత్స ఇంకా మొదలుకాకపోతే అడగాల్సింది ఇది కాదు, ఎల్‌ఓసీ, అంటే ఖర్చు భరిస్తామని ఆసుపత్రికి ముందే ఇచ్చే ప్రభుత్వ లేఖ. దానికి ఆసుపత్రి ఇచ్చే ఖర్చు అంచనా కావాలి. డిశ్చార్జి అయ్యాక ఎల్‌ఓసీ ఇవ్వరు.